ఎవరూ పట్టుకోని కెమెరా

మద్దులగుంపు గూడెంలో బోరింగుకు నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళు యశోద ఇంటి ముందు దారి వదిలేసి చుట్టు తిరిగి పోతున్నారు. అంతకు ముందు జరిగింది ఇది. ఫారెస్టు వాళ్ళు జేసీబీ తీసుకొచ్చి దూలయ్య పంట వేసే చెలక నడిమధ్యగా కందకం తవ్వారు. కొత్తగా చెట్లు కొట్టి పోడు పెంచావని దూలయ్య మీద కేసు రాశారు. ఎవరు చెప్పారని దూలయ్య అడిగితే, చెప్పడమెందుకు, చూపించారు అని ఒక ఫోటో చూపించి జీపెక్కి పోయారు.

గూడెంలో కెమెరా ఉన్నది యశోద ఒక్కదాని దగ్గరే. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి గానీ, ఫోన్‌తో ఎవరైనా తన మొహమో తన పిల్లల మొహమో తీసుకుంటారు. చెట్టునూ పుట్టనూ పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఆకు మీద పడ్డ ఎండను కూడా ఫోటో తీసేది యశోదే. అందుకని ఇంకో పేరు ఎవరి నోటా రాలేదు.

ఆ పొద్దున దూలయ్య కబురు పంపాడు. ముఖం కడుక్కుంటున్న యశోద చెంబు కింద పెట్టి భర్త వైపు చూసింది. రాంబాబు ఆటో అద్దం తుడుస్తున్నాడు. పద, నేనూ వస్తున్నా అన్నాడు. అంతకు మించి మాట్లాడలేదు. ఈ గొడవ మొదలైనప్పటి నుంచీ అతను అలాగే ఉన్నాడు. తన పక్షాన నాలుగు మాటలు అనలేదని యశోదకు కష్టంగానే ఉంది. తిట్టనూ లేదు కదా అని సర్దుకుంది.

దూలయ్య వాకిట్లో అప్పటికే జనం కూర్చున్నారు. దూలయ్య మంచం మీద ఉన్నాడు. పెద్దమనిషి, యశోద మామగారికి వరసకు అన్న అవుతాడు, అందుకే ఆమె అతన్నీ మామా అనే పిలుస్తుంది. అతని భార్య రామక్క గడప దగ్గర చేటలో ఇప్పపూలు పోసుకుని పుల్లలు ఏరుతోంది. తల ఎత్తలేదు. కొడుకు వీరబాబు మాత్రం కూర్చోలేదు, ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫారెస్టు రేంజి ఆఫీసులో తెలిసినవాడిని బతిమాలి ఆ ఫోటో తన ఫోనుకు తెప్పించుకున్నాడట.

మొదట వీరబాబే అందుకున్నాడు. సత్తుపల్లి నుంచి ఆ ఫోటో స్టూడియో ఉదయశ్రీ మేడం వచ్చి ఊరికే కెమెరా చేతిలో పెట్టిపోతే అప్పుడే అనుమానపడాల్సింది అన్నాడు. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు అన్నాడు. ఆమెకు కావలసింది గూడెం ఫోటోలు, నీకు కావలసింది పేరు, మధ్యలో పోయింది మా చెలక అన్నాడు. అతని మాటలకు కూర్చున్నవాళ్ళు తలలు ఊపారు. యశోద అన్నీ విన్నది. చివరికి అతను సూటిగా అడిగాడు.

"ఎవరికి ఇచ్చినవ్ ఫోటో? గదొక్కటి చెప్పు."

"నన్ను అడుగుతున్నరు గానీ, గా ఫోటో నాకు ఇంతవరకు ఎవరూ చూపియ్యలే బావా" అంది యశోద. "ఒక్కసారి ఇయ్యి."

వీరబాబు తండ్రి వైపు చూశాడు. దూలయ్య ఇయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఫోను చేతికి వచ్చాక యశోదకు మొదట ఏమీ కనబడలేదు. ఉదయశ్రీ మొట్టమొదట నేర్పిన పాఠం గుర్తు తెచ్చుకుంది. చూడగానే నొక్కొద్దు. ముందు ఊపిరి పట్టు, నిదానంగా అంచులన్నీ చూడు, నడిమధ్యన ఉన్నది ఎటూ కనపడుతుంది. ఆ పాఠం ఒంటబట్టడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. మొదట్లో తీసినవన్నీ అలికేసినట్టు వచ్చేవి. మేకను తీస్తే తోకే వచ్చేది. ఒక పొద్దున రామక్క గంపలోని ఇప్పపూల మీద ఎండ పడినప్పుడు ఊపిరి పట్టి నొక్కితే, ఒక్కో పువ్వూ లోపల దీపం పెట్టినట్టు వచ్చింది. రామక్క ఆ ఫోటోను మళ్ళీ మళ్ళీ చూపించమని అడిగి, మా చెట్టు ఇంత మంచిగుంటదా అని నవ్వింది. ఆ రామక్క ఇవాళ తల ఎత్తడం లేదు.

యశోద ఊపిరి పట్టి చూసింది.

ఫోటో నడుమ కొత్తగా నరికిన మొద్దులు తెల్లగా ఉన్నాయి. వెనక దూలయ్య చెలక, దాని వెనక గుట్ట. అబద్ధం ఏమీ లేదు. దూలయ్య ఈ ఏడు చెలకను అడవి వైపు కాస్త జరుపుకున్న మాట గూడెం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదంతే. నిజం ఫోటో కాబట్టే వాళ్ళకు అంత నొప్పి పుట్టింది.

ఆమె కళ్ళు అంచుల వెంట నడిచాయి. ఎడమ వైపు మద్దిచెట్టు. కింద ఎండుగడ్డి. కుడి వైపు చివర, సగం తెగినట్టుగా, మోకాళ్ళ మీద వంగి కూర్చున్న ఒక మనిషి. నెత్తికి పసుప్పచ్చ తువ్వాలు. యశోద వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది.

తర్వాత లేచి, ఫోను వీరబాబుకు తిరిగి ఇవ్వకుండా, రామక్క దగ్గరకు వెళ్ళి గడప ముందు కూర్చుంది.

"అత్తా, నువ్వు చూడు. ఈ పక్కన కూసున్నది ఎవరు?"

రామక్క చేట పక్కన పెట్టింది. ఫోను దగ్గరకు తీసుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరకు తీసుకుంది.

"తువ్వాల నాది. పూలు ఏరంగ ఎండ కొడుతున్నదని నీకిచ్చిన" అంది నెమ్మదిగా. "నువ్వే."

"నేను ఫోటో లోపల ఉంటే, బయట నిలబడి తీసినోళ్ళు ఎవరత్తా?"

వీరబాబు గబగబా వచ్చి వంగి చూశాడు. కెమెరాను ఏ రాయి మీదో పెట్టి, దూరం నుంచి దానంతటదే తీసుకునేలా చేస్తారు కదా, పెళ్ళిళ్ళలో చూశాం అన్నాడు. యశోద బొమ్మను ఇంకా పెద్దది చేసి చూపించింది. ఫోటోలోని యశోద కంటికి ఆనించుకుని ఉన్నది ఆమె కెమెరానే. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. గూడెంలో అదొక్కటే కెమెరా అన్నది వాళ్ళ మాటే కాబట్టి వీరబాబు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

యశోద గుండెల మీది బరువు దిగిపోవాల్సింది. దిగలేదు. రామక్క ఫోను కొడుక్కు ఇచ్చేసి, చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వు తియ్యలే. ఒప్పుకుంటున్న బిడ్డా" అంది. "గని, కెమెరాలు మన గూడెంకు రాకముందు మా చెలక ఎవరి కండ్ల పడలే. గది గూడ నిజమే గద."

దూలయ్య సంత నాటికి ఆ ఫోటో ఎవరు తీశారో తేల్చి చెప్పమన్నాడు. తేలకపోతే ఆ మేడంను గూడెంలో అడుగు పెట్టనిచ్చేది లేదని, యశోద కూడా కెమెరా చేత పట్టకూడదని అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమెకు తట్టుకోవడం తేలికయ్యేది.

ఆ ఫోటోలో ఆమె ఇంకొకటి కూడా చూసింది. బొమ్మ అంతటా సన్నగా అలలు అలలుగా గీతలున్నాయి. ఆడుతున్న టీవీని ఫోన్‌తో తీస్తే అలాంటి గీతలే వస్తాయి. అంటే చెలకను చూస్తూ తీసిన ఫోటో కాదది. వేరే ఏదో కెమెరా వెనకున్న చిన్న తెరలో చెలక కనబడుతుంటే, ఆ తెరను ఎవరో ఫోన్‌తో తీశారు. ఈ మాట యశోద పైకి అనలేదు. అంతమంది కూర్చున్న వాకిట్లో ఎవరి ముందు అనవచ్చో, ఎవరి ముందు అనకూడదో ఆమెకు తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ గూడెంలో ఆమెకు అలా అనిపించడం అదే మొదలు.

ఇంటికి రాగానే సత్తుపల్లి తీసుకుపొమ్మని రాంబాబును అడిగింది. ఆ మేడం మీదనే అనుమానమా అని అడిగాడతను. చూద్దాం అంది.

దారి పొడవునా అడవి పలచబడి, జామాయిల్ తోటలు, ఆ తర్వాత పామాయిల్ తోటలు వచ్చాయి. ఆటో చప్పుడులో మాట్లాడుకునే వీలు లేదు, ఉన్నా మాట్లాడేవాళ్ళు కాదు. యశోద మనసంతా రామక్క తువ్వాలు కట్టుకున్న ఆ రోజు చుట్టూ తిరుగుతోంది. ఇప్పపూలు ఏరేవాళ్ళను తీస్తానని ఉదయశ్రీ తెల్లవారుజామునే వచ్చింది. రాంబాబే రోడ్డు దాకా పోయి ఆటోలో తీసుకొచ్చాడు. మూడు కాళ్ళ స్టాండును వీరబాబు భుజాన వేసుకుని దిబ్బ ఎక్కించాడు. ఆ దిబ్బ మీద ఉదయశ్రీ తన పెద్ద కెమెరా బిగించింది. దాని గొట్టం మోచెయ్యంత ఉంటుంది, దూరంగా ఉన్న గుట్టను లాక్కొచ్చి ముక్కు ముందు పెడుతుంది. వెనక అరచేతి వెడల్పు తెర.

ఇంకెవరి తెర అవుతుంది అది?

ఉదయశ్రీది వైరా దగ్గర పొలాలున్న ఇల్లు. కృష్ణా వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం. పెళ్ళిళ్ళకు ఫోటోలూ వీడియోలూ తీయడం ఆడపిల్ల చేసే పనేనా అని ఇంట్లోవాళ్ళు అంటున్నా వినకుండా సత్తుపల్లిలో స్టూడియో పెట్టింది. నిరుడు పక్క ఊరి పెళ్ళికి వచ్చినప్పుడు లైటు పట్టుకోవడానికి యశోద కూలికి వెళ్ళింది. పెళ్ళి హడావుడిలో పందిరి వెనక నిలబడి పెళ్ళికూతురి తల్లి కళ్ళు తుడుచుకోవడం అక్కడున్న ఎవరూ చూడలేదు, కెమెరా చూసింది. సాయంత్రం తెర మీద అది చూసినప్పటి నుంచి యశోదకు నిద్ర పట్టలేదు. అంత ఇష్టమైతే నేర్చుకో అని ఉదయశ్రీ తన పాత కెమెరా ఇచ్చింది. ఎందుకిచ్చిందని గూడెం అడిగినప్పుడల్లా యశోద కోప్పడేది. ఇవాళ అదే ప్రశ్న ఆమె లోపల ఆమె గొంతుతోనే వినబడుతోంది.

స్టూడియో బట్టల కొట్టు మీద మేడలో ఉంది. రాంబాబు తాను కిందనే ఉంటానన్నాడు. యశోద మెట్లెక్కింది.

ఉదయశ్రీ కంప్యూటరు ముందు కూర్చుని ఏదో పెళ్ళి ఆల్బం సర్దుతోంది. యశోదను చూసి సంతోషంగా లేచి, భోంచేశావా అని అడిగింది. యశోద కూర్చోలేదు. జరిగిందంతా చెప్పి, ఫోటోలో తాను ఉన్న సంగతి, అలల గీతల సంగతి కూడా చెప్పింది. చివరికి నీళ్ళు నమలకుండా అడిగేసింది.

"అక్కా, ఆ రోజు నీ కెమెరా ఒక్కటే ఉన్నది దిబ్బ మీద. నువ్వు ఎవరికన్న చూపించినవా?"

ఉదయశ్రీ ముఖంలో రంగు మారింది. కుర్చీ చేతిని గోటితో గీకింది.

"నేను మీ వాళ్ళని పట్టించానని అనుకుంటున్నావా యశోదా?"

"అనుకోవద్దనే అడుగుతున్న."

"అడిగావు, అదే మంచిది" అంది ఉదయశ్రీ. "అడక్కుండా మనసులో పెట్టుకుని ఉంటే నిన్ను క్షమించేదాన్ని కాదు."

ఆ రోజు తీసినవాటిలో పూలు ఏరే ఆడవాళ్ళ ఫోటోలు మాత్రమే ఇంతవరకు తెరిచానని, దిబ్బ మీద కెమెరా తీసింది తానసలు చూడనే లేదని చెప్పింది. అది ఫోటో కాదు, వీడియో. గుట్ట మీదికి ఎండ ఎక్కడం తీయాలని కెమెరాను బిగించి, దాని మానాన దాన్ని నడవనిచ్చి, తాను దిగి యశోద దగ్గరకు వచ్చింది. అలా తీసిన దాన్ని తర్వాత వేగంగా తిప్పితే ఎండ పాకుతున్నట్టు కనబడుతుంది. పెళ్ళిళ్ళ పని మీద పడి ఆ సంగతే మరిచిపోయింది.

ఉదయశ్రీ వెతికి ఆ వీడియో పెట్టింది. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు.

మొదట గుట్ట, పలచని మంచు, ఇప్పచెట్లు. కాసేపటికి కింది నుంచి ఉదయశ్రీ తెరలోకి నడిచి వచ్చింది. పసుప్పచ్చ తువ్వాలుతో యశోద మోకాళ్ళ మీద కూర్చుంది. ఉదయశ్రీ ఆమె కుడి పక్కన నిలబడి, చెయ్యి చాపి ఏదో చెబుతోంది. ఎక్కడో రామక్క ఎవరినో పిలుస్తున్న కేక. పిట్టల కూతలు. ఎండ గుట్ట నెత్తి మీద పడింది.

అప్పుడు బొమ్మ కదిలింది.

కొంచెం అదిరి, ఆగి, నిదానంగా ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. తెరలోని ఉదయశ్రీ కుడి అంచు దాటి మాయమైంది. ఆ వెనకే యశోద అంచుకు జరిగి సగం తెగింది. మద్దిచెట్టు వచ్చింది. నరికిన మొద్దులు నడుమకు వచ్చాయి. బొమ్మ అక్కడ ఆగింది. మనిషి కనబడలేదు, మాట వినబడలేదు. ఒక్క చప్పుడు మాత్రం వచ్చింది, ఫోను ఫోటో తీసేటప్పుడు చేసే చిన్న టక్కు. తర్వాత బొమ్మ వచ్చిన దారినే వెనక్కి తిరిగి, గుట్ట ఎదురుగా మొదట ఉన్నచోటే నిలబడింది. తెరలో యశోద ఇంకా కెమెరా కంటికి ఆనించుకునే ఉంది, తన వెనక ఏం జరుగుతోందో తెలియకుండా.

ఉదయశ్రీ కెమెరా తిరిగిన వేళకు ఉదయశ్రీ కెమెరా ముందే ఉంది. అది చూడగానే యశోదకు సిగ్గేసింది. తప్పైంది అక్కా అంది. ఉదయశ్రీ ఆ మాట పట్టించుకోలేదు. ముందుకు వంగి ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పి చూస్తోంది.

"చూశావా, ఎక్కడా కుదుపు లేదు. తెలియనివాడు లాగితే స్టాండు అంతా ఊగిపోయేది. పక్కనున్న పిడి వదులు చేసి, తిప్పి, మళ్ళీ బిగించాడు. పని అయ్యాక ఉన్నచోటికే తెచ్చి పెట్టాడు, నాకు అనుమానం రాకుండా. ఈ స్టాండు గురించి కాస్త తెలిసినవాడే."

యశోదకు వెంటనే వీరబాబు తట్టాడు. స్టాండు మోసింది అతనే. ఉదయశ్రీ పిడి బిగిస్తుంటే పక్కన నిలబడి చూసిందీ అతనే. ఫోటో తెప్పించుకున్నదీ, అందరికంటే ముందు తన మీద అరిచిందీ అతనే. కానీ సొంత చెలకను ఏ కొడుకు పట్టిస్తాడు? తండ్రీ కొడుకుల మధ్య మనకు తెలియనివి ఏమైనా ఉన్నాయేమో అంది ఉదయశ్రీ. సంతలోపు అతన్ని ఒంటరిగా ఇక్కడికి తీసుకువస్తే, ఇది ముందు పెట్టి ముఖం ఎలా మారుతుందో చూద్దామంది. అప్పటిదాకా వీడియో సంగతి ఇద్దరి మధ్యనే ఉండాలని, గూడెంలో ఎవరికీ పొక్కకూడదని గట్టిగా చెప్పింది. యశోద ఒప్పుకుంది.

మెట్లు దిగుతుంటే చాలా రోజుల తర్వాత ఆమె కాళ్ళు తేలికగా పడ్డాయి. ఉదయశ్రీ తప్పు చేయలేదు. తన చేతిలోని కెమెరా పాపిష్టిది కాదు. ఇంకొక్కరి ముఖం చూస్తే అంతా తేలిపోతుంది.

రాంబాబు టీ తాగి గ్లాసు కొట్టువాడికి ఇస్తున్నాడు. ఏమన్నదని అడిగాడు.

"ఆమె తియ్యలే" అంది యశోద. అంతకు మించి చెప్పలేదు. మొగుడి దగ్గర దాచడం ఆమెకు ఇబ్బందిగానే ఉంది గానీ, మాట ఇచ్చింది కదా అనుకుంది.

తిరుగు ప్రయాణంలో పామాయిల్ తోటలు దాటేసరికి పొద్దు వాలింది. తారు రోడ్డు వదిలి గూడెం మట్టిదారి పట్టాక ఆటో వేగం తగ్గింది. రెండు పక్కలా అడవి దగ్గరగా జరిగింది. వీరబాబును ఏ వంకతో సత్తుపల్లి తీసుకుపోవాలా అని యశోద ఆలోచిస్తోంది. ఈయనను కూడా వెంట ఉండమంటే మంచిదేమో అనుకుంటోంది. అంతలో రాంబాబే, దారి మీది నుంచి చూపు తిప్పకుండా, మామూలుగా అడుగుతున్నట్టు అడిగాడు.

"గయితే, ఆమె ఆ వీడియో ఉంచుతదా, తీసేస్తదా?"

యశోద సీటు అంచు పట్టుకుంది. గూడెంలో అందరూ ఫోటో అన్నారు. ఫారెస్టు వాళ్ళు ఫోటో అన్నారు. దూలయ్య వాకిట్లో ఎవరి నోటా ఇంకో మాట రాలేదు. దిబ్బ మీద ఆ కెమెరా ఆ సమయంలో వీడియో తీస్తూ ఉందని ఆమెకే ఇవాళ మేడ మీద తెలిసింది. ఉదయశ్రీకి, కెమెరా వెనక నిలబడి ఆ తెర చూసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీలు లేదు.

"ఏ వీడియో?" అంది.

రాంబాబు ఆటోను దారి పక్కకు తీసి, ఇంజను ఆపాడు.